కంప్యూటరు తెరపై తెలుగక్షరము

కంప్యూటరు తెరమీద మన తెలుగక్షరము పడిన పాట్లు, ప్రోగ్రాములు వ్రాయువారు ఆ పాట్లను తీర్చిన తీరు నేటి నా ప్రసంగమునకు విషయము. వ్యాకరణము చదివి, బడిలో పలకలమీద అక్షరములు దిద్దించి కాలము గడపినవానికి ఈ యంత్రముల గొడవ యేల అని మీరడుగవచ్చును. గడచిన నలువది సంవత్సరములలో కంప్యూటరునందు తెలుగునకు కలిగిన చిక్కులలో పెక్కు భాగము మన బాలశిక్షలోని మొదటి పాఠమును యంత్రమునకు సరిగా చెప్పకపోవుటచేతనే కలిగినవి. నోట పలుకు వర్ణము వేరు. వర్ణములు కూడి యేర్పడిన అక్షరము వేరు. దానిని కంటికి చూపు రూపము వేరు. ఈ భేదము నెరిగినచోట ముడి విడినది, ఎరుగనిచోట బిగిసినది. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

ముందుగా మా ప్రాంతపు పేరొకటి తీసికొందము. తిరుపతి జిల్లాకు తూర్పుకొసన, ఆంధ్రదేశమును తమిళనాడును కలుపుచు ఒక పెద్ద ఉప్పునీటి సరస్సు ఉన్నది. సూళ్లూరుపేట, తడ దానికి దగ్గరి ఊళ్లు; సరస్సునకు సముద్రమునకు నడుమ శ్రీహరికోట. 2022 ఏప్రిలులో క్రొత్త జిల్లాలు ఏర్పడువరకు ఇది నెల్లూరు జిల్లాలోనిది. తెలుగువారి నోట దీని పేరు ప్రళయకావేరి. తమిళులు పిలుచు పేరులో రెండవ అక్షరము ఴకారము. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకొన్న దక్షిణపు రేవునకు ఐరోపావారు పలికిన పేరు పులికాట్. నేడు పటములలోను పత్రికలలోను నిలిచినది ఈ కడపటి పేరే.

తెలుగు అజంతభాష; అచ్చుతో ముగియుట మన మాటకు సహజము. అందుచేతనే పూర్వులు పరభాషాపదమునకు చివర ఉకారము చేర్చి బస్సు, కోర్టు, పులికాటు అనిరి. ప్రళయకావేరి అన్న పేరునకు 'లో' అను ప్రత్యయము చేర్చిన ఏ బాధయు లేదు. పులికాటునకు చేర్చినను లేదు. కాని పొల్లుతో ముగిసిన 'పులికాట్' అను రూపమునకు 'లో' చేర్చి యంత్రమున కిచ్చినప్పుడు, అది పొల్లు వెనుక వచ్చిన లకారమును వత్తుగా మార్చి 'పులికాట్లో' అని చూపును. పలుకుటలో పెద్ద భేదము లేదు గాని, చూచువానికి ఊరిపేరు చెదరిపోయినది. ఈ చిన్న ముడిని ఎట్లు విప్పిరో తెలిసికొనుటకు కొంత వెనుకటి చరిత్ర చెప్పవలెను.

తెలుగును మొదట అచ్చువేసినది జర్మనీలోని హాలే నగరమున, 1746-47 ప్రాంతమున, షుల్జ్ అను మతబోధకుని పూనికవలన. అది మొదలు రెండు శతాబ్దములకు పైగా సీసపు అచ్చులతో పని జరిగినది. అచ్చుకూటములో కంపోజిటరు ముందర గళ్లపెట్టె యుండెడిది. అక్షరములొక గడిలో, వత్తులొక గడిలో. ఏ అక్షరము క్రింద ఏ వత్తు చేర్పవలెనో ఆ మనిషి యెరుగును. పెట్టెకు తెలియనక్కరలేదు. కంప్యూటరు వచ్చినప్పుడు ఆ మనిషి తొలగిపోయెను. అతని తెలివి ఎక్కడ ఉంచవలెనను ప్రశ్న మిగిలెను.

1980 జూలై 18న శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆ యొడ్డుననే ఒక తెలుగు పేరు, ప్రత్యేకసాధన మేదియు లేక, సామాన్యుని డెస్కుటాపు కంప్యూటరు మీద చెదరక కనబడుటకు మరి ఇరువది యేండ్లు పట్టెను. కారణము యంత్రశక్తి చాలకకాదు. కంప్యూటరు దాచునది సంఖ్యలను మాత్రమే. ఏ సంఖ్య ఏ అక్షరమునకు గుర్తో ముందుగా ఒడంబడిక యుండవలెను. ఇంగ్లీషునకు 128 గుర్తులతో ఆ యొడంబడిక 1960 దశకముననే కుదిరినది; మనకు లేదు.

ఆ లోటు తీర్చుటకు మన దేశములో జరిగిన మొదటి గొప్ప యత్నము కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, పుణేలోని సి-డాక్ సంస్థలో పెరిగిన జిస్టు. బ్రాహ్మినుండి వచ్చిన లిపులన్నిటికిని వర్ణమాల ఒక్కటే గనుక, అన్నిటికిని ఒక్క సంఖ్యల వరుస చాలునని వారు గ్రహించిరి. 1991లో భారతీయ ప్రమాణముగా ప్రకటింపబడిన ఇస్కీ అను పద్ధతి ఇదియే. కకారమునకు ఒక్క సంఖ్య; తెరపై అది తెలుగు కకారమో, నాగరి కకారమో లిపినిబట్టి మారును. మన శిక్షాకారులు చేసిన వర్ణవిభాగమునకు దీనికంటె దగ్గరి పని యంత్రములో అంతకుముందు జరుగలేదు.

కాని అచ్చుపని చేయు దుకాణములలో నడచినది వేరొక మార్గము. ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలను అట్లే యుంచి, వానికి తెలుగు ముక్కల బొమ్మలు తొడిగిన ఫాంటులు బయలుదేరినవి. తలకట్టొక సంఖ్య, దీర్ఘమొక సంఖ్య, వత్తొక సంఖ్య. కాగితముమీద అందముగా పడును. పుస్తకములు, పత్రికలు, పెండ్లిశుభలేఖలు వేలకొలది వెలువడినవి. ఆ మేలు మరువరాదు. అయితే అక్కడ దాచబడినది రూపమే గాని వర్ణము కాదు. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచిన యెడల ఆ పుస్తకమంతయు ఇంగ్లీషు గిలుకుటగా కనబడును. వెదకుటకు వీలులేదు, అకారాది క్రమమున పేర్చుటకు వీలులేదు. ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క గుప్తభాష.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన తెలుగు విద్యార్థులు రోమనులిపితో తెలుగును వ్రాయు కట్టుబాటొకటి చేసిరి. ఆర్.టి.ఎస్. అని దానికి పేరు. వ్రాతలో తెలుగు రూపమే లేదు. వర్ణము మాత్రము చెదరక నిలిచినది. దానినుండి తెలుగు లిపిని యంత్రముచేతనే మరల పుట్టించవచ్చును. దుకాణపు ఫాంటు రూపము నుంచి వర్ణమును పోగొట్టినది. ఈ విద్యార్థులు రూపమును విడిచి వర్ణమును కాపాడిరి. రెండును నిలుపవలెనన్న వేరొక యేర్పాటు కావలసివచ్చెను.

ఆ యేర్పాటు యూనీకోడు. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి సంపుటముననే తెలుగునకు చోటు దొరకినది. 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు మనవి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు — ఒక్కొక్కదాని కొక్క సంఖ్య. ఇస్కీ క్రమమునే యూనీకోడు అనుసరించినది. వత్తులకు వేరు సంఖ్యలు లేవు. హల్లు, దాని వెనుక పొల్లు, పొల్లు వెనుక మరియొక హల్లు వచ్చెనా, రెండవది వత్తు కావలెనని నియమము. ఇది మన వ్యాకరణము చెప్పునదే: నడుమ అచ్చు లేని హల్లుల కూడికయే సంయోగము.

ఇక్కడ ఒక లెక్క చెప్పెదను. శ్రోతలు మనస్సులో వ్రాసికొనవలెను. 'తెలుగు' అన్న మాటలో తకారము, ఎత్వము, లకారము, ఉత్వము, గకారము, ఉత్వము — ఆరు సంఖ్యలు. 'స్త్రీ' అన్న మాటలో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, ఈత్వము — ఇవియు ఆరే. మొదటిది మూడక్షరములు, రెండవది ఒక్క అక్షరము. యంత్రమునకు రెండును సమానమే. మొదటితరగతి పిల్లవాడు ఎరిగిన యీ భేదమును ప్రోగ్రాము వ్రాయువాడు యంత్రమునకు ప్రత్యేకముగా నేర్పవలెను.

నేర్పనియెడల నేమగును? మొదటి చిక్కు బొమ్మ గీయుటలో. సంఖ్యకొక బొమ్మ చొప్పున వరుసగా గీసికొని పోవు ప్రోగ్రాము స్త్రీ శబ్దమును ఆరు ముక్కలుగా పరచును. చివర పలుకు ఈత్వము రూపములో మొదటి సకారము నెత్తిమీద కూర్చుండవలెను. తకార రేఫలు క్రిందికి దిగవలెను. కావున మాటనంతయు ఒక్కసారి చూచి, కూర్పు నిర్ణయించిన పిదప గీయు నేర్పరి యొకడు కావలెను. పూర్వపు కంపోజిటరే ఈ నేర్పరి; ఇప్పుడతడు ప్రోగ్రాము రూపమున మరల వచ్చినాడు. విండోసులో యూనిస్క్రైబ్ అను పేరుతో నుండెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అను ఫాంటుతో తెలుగు డెస్కుటాపునకు దిగినది. లినక్సు వైపున 2002లో వచ్చిన జి.టి.కె. రెండవ తరముతో పాంగో అను కూర్పరి వచ్చెను. పిమ్మట హార్ఫ్‌బజ్ అనునది ఫైర్‌ఫాక్సు, క్రోము, లిబ్రెఆఫీసు మొదలగు వానిలో ఈ పని చేయుచున్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన అను పేర్లతో యూనీకోడు ఫాంటులు చేసి ఉచితముగా పంచిరి. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థవారు డెస్కుటాపు మెనూలను తెలుగు చేసిరి.

కావున నేడు తెలుగును తెరమీద చూపు ప్రోగ్రాము వ్రాయువారికి మొదటి సూత్రమిది: అక్షరములను ముక్కలుచేసి మీరే గీయకుడు, వాక్యమును వాక్యముగా కూర్పరి చేతికిండు. వెదకిన మాటకు రంగు వేయుటకో, వరుస విరుచుటకో నడుమ కోసినను, అక్షరము పూర్తియైనచోటనే కోయుడు. ఫాంటులో బొమ్మ లేకపోయిన యెడల చౌకపు గడులు కనబడును. అప్పుడు వ్రాత చెడలేదని, ఫాంటు మాత్రమే లేదని గ్రహించి మరియొక ఫాంటును వెదకునట్లు ఏర్పాటు చేయుడు. నేను పనిలో నున్న కాలమున ఒక కార్యాలయమునకు పంపిన పిల్లల పేర్ల పట్టిక గడుల వరుసగా తిరిగివచ్చినది. పేర్లు చెడినవని అక్కడివారు మరల వ్రాసి పంపుమనిరి. పేర్లు చెడలేదు. ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు.

రెండవ చిక్కు కొలతలో. యూటీఎఫ్-8 అను వాడుకపద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పట్టును. 'లక్ష్మి' అన్న పేరు మనకు రెండక్షరములు. యంత్రమునకు ఏడు సంఖ్యలు, ఇరువదియొక్క బైట్లు. పేరునకు ఇరువది బైట్లు చాలునని ఎవరైన గిరిగీసిన యెడల చివరి ఇత్వము నడుమ తెగును. ఆడపిల్ల పేరు 'లక్ష్మ' అయి, వెనుక అర్థములేని గుర్తొకటి మిగులును. బడి పట్టికలో ఒక పేరు, రేషను కార్డులో మరియొక పేరు పడినచో అది అక్షరదోషముగా ఆగదు. ఇద్దరు మనుష్యులుగా లెక్క. ఇట్టిచోట కొలువవలసినది బైట్లను కాదు, సంఖ్యలను కాదు, అక్షరములను. అక్షరమెక్కడ ముగియునో చెప్పు నియమములు యూనీకోడువారే వ్రాసియుంచిరి. అయినను వారి సామాన్యనియమములో సంయుక్తాక్షరము చాలకాలము ముక్కలుగానే లెక్కింపబడినది. 2023లో వచ్చిన 15.1 సంపుటమున తెలుగుతో కూడ కొన్ని భారతీయ లిపుల సంయోగములను ఒక్కటిగా నుంచు సూత్రము చేరినది. బాలశిక్ష మాట అక్కడికి చేరుటకు ముప్పది రెండేండ్లు పట్టినది.

మూడవది చోటు చాలని చిక్కు. ఇంగ్లీషు అక్షరమునకు తగిన యెత్తుతో మీటలను, పట్టికల గళ్లను గీసిన యెడల పైన గుడి తెగును, క్రింద వత్తు తెగును. ఎత్తును ముందుగా లెక్కకట్టి పెట్టక, ఫాంటునే అడిగి తెలిసికొనుట దీనికి పరిష్కారము. నాల్గవది పేర్చుటలో. సంఖ్యల క్రమములో ళకారము వకారమునకు ముందున్నది. మనము చదువుకొన్న వరుసలో య ర ల వ శ ష స హ ల తరువాత ళకారము. సంఖ్యలనుబట్టి పేర్చిన నిఘంటువు మన నిఘంటువు కాదు. క్రమమునకు వేరుగా పట్టిక యుండవలెను. ఐదవది వెదకుటలో. ఐత్వమును ఒక్క సంఖ్యగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అని రెండుగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే, యంత్రమునకు వేరు. వెదకుటకు ముందు రెంటిని ఒక్క రూపమునకు తెచ్చుకొనవలెను.

ఆరవదానిలో వ్యాకరణమే నేరుగా కాలు పెట్టును. ఇంగ్లీషు ప్రోగ్రాములలో వాక్యమునకు ఖాళీ యుంచి, అందులో పేరును పెట్టు అలవాటు కలదు. తెలుగులో ఆ ఖాళీ వెనుక 'లో' అని యుంచిరనుకొనుడు. తడ అని పెట్టిన 'తడలో' అగును; బాగున్నది. 'ఏరు' అని పెట్టిన 'ఏరులో' అగును, కావలసినది 'ఏటిలో'. 'ఇల్లు' అని పెట్టిన 'ఇల్లులో', కావలసినది 'ఇంటిలో'. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి ఔపవిభక్తికములని చెప్పినవి ఇవియే. యంత్రమునకు ఈ ప్రకరణమంతయు నేర్పుటకంటె వాక్యమును మార్చుట సులభము: 'స్థలము: ఏరు' అని వేరు వేరుగా చూపిన చాలును. అంకెలతోను, క్రియలతోను ఇదే నీతి. తెలుగు వాక్యమును ముక్కలతో అతుకరాదు. పూర్తివాక్యముగా తెలిగించువాని చేతికీయవలెను.

ఇప్పుడు పులికాట్ వద్దకు రావచ్చును. పొల్లు వెనుక హల్లు వచ్చినను వత్తు కారాదని చెప్పుటకు యూనీకోడులో ఒక గుర్తున్నది; దాని సంఖ్య 8204. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. రెంటిని విడదీయుటయే దాని పని. టకారపు పొల్లునకు, లకారమునకు నడుమ దీని నుంచిన 'పులికాట్‌లో' అని పేరు చెదరక నిలుచును. వెదకునప్పుడు మాత్రము దీనిని లెక్కింపరాదు. లేనియెడల కంటికి కనబడని ఈ గుర్తువలన ఒక్క మాటయే రెండగును.

ఈ మౌనపు గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతట మన లిపిపేరు వినబడునట్లు చేసినది. జకారము 3100, పొల్లు 3149, ఞకారము 3102, విడదీయు గుర్తు 8204, దీర్ఘము 3134 — ఈ యైదు సంఖ్యల వరుస ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు గాని మ్యాక్ కంప్యూటరునకు గాని వచ్చి తెరమీద కనబడబోయినంతనే, దానిని చూపు ప్రోగ్రాము కూలిపోయెను. మరల తెరచిన మరల కూలెను. జ్ఞానమను మాటకు మొదటి యక్షరము! తెలుగక్షరము ఫోనులను పాడుచేయుచున్నదని పలుదేశముల పత్రికలు వ్రాసినవి. అక్షరమునందు దోషము లేదు. మామూలుగా వ్రాయు 'జ్ఞా'లో ఆ విడదీయు గుర్తుండదు. అది అనవసరపుచోట వచ్చినప్పుడు ఏమి చేయవలెనో కూర్పరి ప్రోగ్రామునకు తెలియలేదు. తెలియనప్పుడు ఉన్నదున్నట్లు చూపి ఊరకుండక కూలినది. బంగాళీ, దేవనాగరి లిపులలోను ఇట్టి వరుసలు కొన్ని బయటపడినవి. ఆ ఫిబ్రవరి 19వ తేదీననే ఆపిల్‌వారు సవరణ విడుదలచేసిరి. ఎట్టి వరుస వచ్చినను, అది అసాధువైనను, ప్రోగ్రాము నిలిచియుండవలెను. ఇంగ్లీషుతో మాత్రమే పరీక్షించి పని ముగిసినదనుకొనరాదు. ఇది ఆ సంఘటన నేర్పిన పాఠము.

మన వర్ణమాలయు యంత్రములో ఒక్కనాడు పూర్తికాలేదు. 2008లో ౘ, ౙ అను దంత్యములును, అవగ్రహమును చేరినవి. ప్రాచీనశాసనములయందుండి తరువాత వాడుక తప్పిన ఴకారము 2014లో చేరినది. పులికాటునకు తమిళులు పిలుచు పేరును ఇప్పుడు తెలుగు లిపిలో ఉన్నదున్నట్లు వ్రాయవచ్చును. 2021లో నకారపొల్లు చేరినది; మన పూర్వులు హలంతమైన నకారమునకు వాడిన ప్రత్యేకరూపమది. ఇట్టి చేర్పులకు పాతశాసనములు, పాతపుస్తకములు చదివినవారి సాక్ష్యము కావలెను. పండితునకు ఇచ్చట పని లేదనుట పొరపాటు.

ప్రోగ్రాములు వ్రాయు యువకులారా! మీ యంత్రము అడుగుచున్న ప్రశ్నలు క్రొత్తవి కావు. వర్ణమేది, అక్షరమేది, సంయోగమేది, విభక్తికి ముందు శబ్దము ఎట్లు మారును అనునవి మన శాస్త్రములలో విచారింపబడినవే. పని ముగిసిన పిదప 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్ఞానము', 'పులికాట్‌లో' అను నాలుగు మాటలు మీ తెరమీద వ్రాసి, కోసి, చెరిపి, వెదకి చూడుడు. ఆ నాలుగును చెదరక నిలిచిన యెడల, సరస్సు ఒడ్డుననున్న పల్లెలోని బాలిక పేరు బడిపట్టికలోను, కార్డులోను ఒక్క తీరుగనే యుండును.